వైజాగ్ ఎంవీపీ కాలనీలో ఉన్న మా టిఫిన్ సెంటర్ గురించి నెట్‌లో ఎవరేమంటున్నారో తెలుసుకోవడం ఎలా?

ఎంవీపీ కాలనీలో టిఫిన్ సెంటర్ అన్నారు కాబట్టి ముందు గూగుల్ అలర్ట్స్ పెట్టుకోండి, మీరిచ్చిన పేరు నెట్‌లో కొత్తగా కనిపిస్తే మెయిల్ పంపుతుంది. 2003 నుంచీ ఉన్నదే, ఉచితం. షాపు పేరు కొటేషన్ గుర్తుల మధ్య రాయండి, లేకపోతే సంబంధం లేని మెయిల్స్ వచ్చిపడతాయి. అసలు కష్టం స్పెల్లింగుల దగ్గరే: మనవాళ్లు వైజాగ్ అంటారు, విశాఖ అంటారు, పేరు తెలుగులోనూ ఇంగ్లిష్ అక్షరాల్లోనూ రాస్తారు. ఒక్కోదానికీ వేరే అలర్ట్ పెట్టాల్సిందే.

సోషల్ మీడియా పోస్టులు అలర్ట్స్‌కి పెద్దగా చిక్కవు. ఎక్స్‌లో (పాత ట్విట్టర్) అయితే అడ్వాన్స్‌డ్ సెర్చ్‌లో తేదీలు ఇచ్చి వెతకండి. పాత వీడియోలు చూసి ఫేస్‌బుక్ కోసమని క్రౌడ్‌టాంగిల్ అనే పోస్టులు వెతికే టూల్ వెంట పడకండి, ఫేస్‌బుక్ కంపెనీ మెటా దాన్ని 2024 ఆగస్టులో మూసేసింది. వాట్సాప్ గ్రూపుల్లో మాటలు ఏ టూల్‌కీ దొరకవు, దొరక్కూడదు కూడా. మీకు అన్నిటికంటే పనికొచ్చేది గూగుల్ మ్యాప్స్ రివ్యూలే. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ మీ పేరున చేసుకుంటే కొత్త రివ్యూలకి నోటిఫికేషన్ వస్తుంది, అక్కడే జవాబివ్వచ్చు.