ట్యూబు ఎన్నాళ్లు వస్తోందో ముందు చూడండి

బాబుకు నాలుగేళ్లని, రోజూ మాయిశ్చరైజర్ రాస్తున్నా మోచేతి మడతల్లో ఎగ్జిమా (చర్మం పొడిబారి, ఎర్రబడి దురద పెట్టే జబ్బు) తగ్గట్లేదని, క్రీము మార్చాలా అని అడిగారు. మా అమ్మాయికి మూడో ఏట మొదలైంది, ఇప్పుడు తొమ్మిదేళ్లు. నన్నడిగితే, క్రీము మార్చే ముందు ఎంత రాస్తున్నారో చూసుకోండి.

అప్పట్లో పొద్దున్నే దుప్పటి మీద ఆవగింజలంత రక్తపు చుక్కలు, దాని గోళ్ల కింద తెల్లటి పొట్టు కనిపించేవి. చూస్తే కడుపు తరుక్కుపోయేది. చర్మం డాక్టరు గారు మొదట అడిగింది ఒకటే: "ట్యూబు ఎన్నాళ్లు వస్తోందమ్మా?" 50 గ్రాములది నెల వస్తోందన్నాను. ఒళ్లంతా పొడిబారే పిల్లలకు వారానికే 250 గ్రాములు పట్టొచ్చని చెప్పారు. అప్పటి నుంచి పెద్ద డబ్బాలే కొంటున్నాం. ఖరీదైనవేమీ కాదు, వాసన లేని లిక్విడ్ పారాఫిన్ క్రీము, మామూలు పెట్రోలియం జెల్లీ.

గోరువెచ్చటి నీళ్లతో త్వరగా స్నానం చేయించి, తువ్వాలుతో రుద్దకుండా అద్ది, ఒంటి మీద తడి ఆరకముందే రాసేస్తాను. అందుకే డబ్బా బాత్రూమ్ తలుపు పక్కనే ఉంటుంది. వేళ్లు ముంచకుండా శుభ్రమైన చెంచాతో తీస్తాను. రోమాలు వాలిన వైపే కిందికి రాయాలి. ఎదురు రుద్దితే చిన్న చిన్న పొక్కులొస్తాయి. సున్నిపిండితో నలుగు మాత్రం పూర్తిగా మానేశాం. అమ్మమ్మను ఒప్పించడానికి ఆరు నెలలు పట్టింది.

పగిలిన చోట క్రీము రాస్తే "మంట, మంట" అని పారిపోయేది. జెల్లీ అంత మండదు. ఎండాకాలం చెమటకు జిడ్డు చిరాకు కాబట్టి పగలు క్రీము, రాత్రి జెల్లీ. బట్టలకు ఇంకిన జెల్లీ, పారాఫిన్ ఉతికినా పూర్తిగా పోవు, ఆ బట్టలకు నిప్పు త్వరగా అంటుకుంటుంది. పొయ్యి దగ్గర, దీపావళినాడు జాగ్రత్త.

ఇంకో మాట. ఎర్రబడినప్పుడు డాక్టరు రాసిచ్చే స్టెరాయిడ్ క్రీముకు (ఎరుపు, దురద తగ్గించే మందు) మాయిశ్చరైజర్ బదులు కాదు, స్టెరాయిడ్ అని భయపడి దాన్ని మానేయకండి. రెండింటికీ మధ్య ఓ ఇరవై నిమిషాలు ఎడం ఇవ్వండి. కానీ మందుల షాపులో "తామరకు" అని చేతిలో పెట్టే ట్యూబు వద్దు. చుట్టాలు చెప్పారని మేమూ రాశాం. నాలుగు రోజుల్లో మాయమైంది, ఆపగానే రెట్టింపై వచ్చింది. తర్వాత చూస్తే అందులో గట్టి స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయోటిక్ మూడూ ఉన్నాయి. చీము పట్టినా, నీటి పొక్కులు లేచినా, జ్వరం వచ్చినా ఆ రోజే డాక్టరుకు చూపించండి.

ఎరుపు పోయాక కూడా రాయడం ఆపొద్దు. నేను ఆపిన ప్రతిసారీ పది రోజుల్లో దురద మళ్లీ మొదలైంది. ఇవాళే డబ్బా మూత మీద తేదీ వేయండి. రెండు వారాల తర్వాత ఎంత మిగిలిందో చూసి, అప్పుడు మీ డాక్టరుతో క్రీము మార్చే సంగతి మాట్లాడండి.