సూట్‌కేసు పిన్ని: మిక్కీ ఇంట్లో హనీమూన్

ప్రశ్న: పిన్నిగారూ, నమస్కారం. మాది కొత్తపేట. మాఘంలో నా పెళ్లి. అబ్బాయిది మియాపూర్, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. హనీమూన్ అంటే అందరూ మాల్దీవులో, బాలీనో అంటుంటే ఆయన మాత్రం అమెరికాలో ఫ్లోరిడా డిస్నీ వరల్డ్ అంటున్నారు. చిన్నప్పటి కోరికట. మా పెద్దత్తయ్యేమో "పిల్లలు పుట్టాక వెళ్లాల్సిన చోటికి ఇప్పుడే దేనికే?" అని ఒకటే నవ్వు. ఇద్దరం కలిపి ఎనిమిది లక్షల దాకా పెట్టగలం. సెలవు పన్నెండు రోజులు. ఆయన అప్పుడే ఎక్సెల్ షీట్ కూడా వేసేశారు. ఆరు రోజుల్లో నాలుగు పార్కులు, వాటర్ పార్కులు, దగ్గర్లోని యూనివర్సల్ కూడా. రోజూ పొద్దున్న ఏడు నుంచి రాత్రి పది దాకా. అది చూస్తేనే నాకు టెన్షన్‌గా ఉంది. వెళ్లమంటారా?

జవాబు: వెళ్లమ్మాయ్, హాయిగా వెళ్లు. మీ పెద్దత్తయ్యకి నా మాటగా చెప్పు. అక్కడికి పిల్లల్ని తీసుకెళ్లినవాళ్లకి బాత్రూమ్ ఎక్కడుంది, పాలు ఎక్కడ వెచ్చబెడతారు అని వెతకడంతోనే పొద్దుపోతుంది. నాకు తెలిసి ఆ పార్కుల్ని తీరిగ్గా చూసి వచ్చినవాళ్లంతా పిల్లలు లేనివాళ్లో, మాలాగా పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోయినవాళ్లో.

ఆ ఎక్సెల్ షీట్ మాత్రం తీసేయమను. ప్రింటు తీసి ఉంటే నాకు పంపు, నేనే చించుతాను.

బషీర్‌బాగ్‌లో టికెట్ల ఆఫీసులో 27 ఏళ్లు పనిచేశాను. 2011లో ఒక కొత్త జంటకి అచ్చం ఇలాంటి ప్లానే నేను స్వయంగా వేసి ఇచ్చాను. తిరిగి వచ్చాక స్వీట్ల డబ్బా తెచ్చి బల్లమీద పెట్టి, ఆ అబ్బాయి అన్నాడు: "హనీమూన్‌కి పంపమంటే ఎన్‌సీసీ క్యాంపుకి పంపారు మేడమ్." పెళ్లికూతురు నవ్వలేదు. ఆ అమ్మాయి నవ్వలేదన్న సంగతి నాకు ఇప్పటికీ గుర్తు.

దానికి కారణం ఆ చోటు ఎంత పెద్దదో నాకు అప్పటికి తెలియకపోవడమే. బ్రోషర్‌లో "నాలుగు పార్కులు" అని ఉంటే మన ఇందిరా పార్కు, సంజీవయ్య పార్కు లెక్కలో ఊహించుకున్నాను. 1971లో తెరిచిన ఆ రిసార్టు దాదాపు 25 వేల ఎకరాలు. మన రామోజీ ఫిల్మ్ సిటీ గిన్నిస్ లెక్కలో 1,666 ఎకరాలు. అలాంటివి పదిహేను పడతాయి అందులో. ఆ నాలుగు పార్కులు మ్యాజిక్ కింగ్‌డమ్, ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్, యానిమల్ కింగ్‌డమ్. ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్ మధ్య తప్ప ఒక పార్కు నుంచి ఇంకో పార్కుకి నడిచి వెళ్దామంటే కుదిరే పని కాదు. బస్సో, మోనోరైలో, స్కైలైనర్ అనే తీగమీది బండో ఎక్కాలి.

2016లో మా ఆయన రిటైరయ్యాక మేమిద్దరం వెళ్లాం. మా అబ్బాయి అప్పుడు టాంపాలో ఉండేవాడు, కారులో దింపాడు. మొదటిరోజే మ్యాజిక్ కింగ్‌డమ్. టికెట్ డబ్బులు గిట్టుబాటు కావాలని గేటు తీసినప్పటి నుంచి తిరుగుతూనే ఉన్నాం. నేను కొత్త చెప్పులు వేసుకుని వెళ్లాను, బుద్ధి లేక. సాయంత్రానికి రెండు మడమలూ బొబ్బలు. రాత్రి కోటమీద బాణసంచా కాల్చేటప్పటికి, దాని కోసమే అంత దూరం వెళ్లామా, మా ఆయన బెంచీమీద గుర్రు పెడుతున్నారు. పక్కన అమెరికా పిల్లలు ఆకాశం వదిలేసి ఆయన్ని చూస్తున్నారు. మర్నాడు పొద్దున్నే ఏదో చిన్న విషయానికి పెద్ద గొడవ. ముప్పై ఏళ్ల కాపురం కాబట్టి మాకు చెల్లింది. పెళ్లయిన పదో రోజున మీకు అలాంటి గొడవ ఎందుకు?

అందుకే నేను చెప్పేది ఒక్కటే. సగం రోజు పార్కు, సగం రోజు గది. ఇండియా టైమ్‌కి అలవాటుపడిన ఒళ్లు కాబట్టి మొదటి మూడు నాలుగు రోజులు తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తుంది. చలికాలంలో వాళ్లు మనకంటే పదిన్నర గంటలు వెనక. దాన్నే వాడుకోండి. డిస్నీ సొంత హోటల్లో దిగినవాళ్లని పార్కులోకి అరగంట ముందే వదులుతారు. ఆ అరగంటా, ఆ తర్వాత ఇంకో రెండు గంటలూ జనం పలచగా ఉంటారు. పెద్ద రైడ్లు అప్పుడే ఎక్కేయండి. పన్నెండు కొట్టగానే హోటల్‌కి వచ్చి భోంచేసి పడుకోండి. సాయంత్రం ఐదింటికి స్నానం చేసి, మంచి బట్టలు కట్టుకుని మళ్లీ వెళ్లండి. దిగిన రోజు మాత్రం పార్కు పేరెత్తవద్దు.

ఇప్పుడు హోటల్. అల్లుడికి డబ్బు ఎక్కడ పెట్టాలో అర్థం కాలేదని ఆ షీట్ చూస్తేనే తెలుస్తోంది. వాళ్లకి పాతిక పైగా హోటళ్లు ఉన్నాయి: చవకవి, మధ్యరకం, ఖరీదైనవి. మీరు మొదటి ఐదు రాత్రులు చవకదాంట్లో ఉండండి. పాప్ సెంచురీ అయితే నాకు ఇష్టం. ఎందుకంటే చవకదైనా స్కైలైనర్ దాని గుమ్మంలోకే వస్తుంది. ఆ చిన్న పెట్టెలో కూర్చుంటే నీళ్లమీదుగా ఎప్‌కాట్‌కీ, హాలీవుడ్ స్టూడియోస్‌కీ తీసుకెళ్తుంది. మీకు హనీమూన్ ఫోటో కావాలంటే అక్కడ తీసుకోండి, కోట ముందు ఎలాగూ అందరూ తీసుకుంటారు.

చివరి రెండు రాత్రులు మాత్రం చెయ్యి కాస్త వదిలి యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌కి మారండి. బాల్కనీ తలుపు తీస్తే ఎదురుగా జిరాఫీలు, జీబ్రాలు మేస్తుంటాయి. బుక్ చేసేటప్పుడు "సవానా వ్యూ" అని ఉందో లేదో కళ్లు పెట్టి చూడండి. మా ఆఫీసులో ఒకసారి ఆ మాట చూసుకోకుండా మామూలు గది బుక్ చేస్తే, పెళ్లికూతురు జిరాఫీ కోసం కర్టెన్ తీసి కార్ల పార్కింగ్ చూసింది. ఆ రెండు రోజులూ పార్కు టికెట్ కొనకండి. అక్కడే సనా అని ఒక రెస్టారెంట్ ఉంది. ఆఫ్రికా వంటలకి మన మసాలా కలిపి వండుతారు. రొట్టెలూ, వాటిలోకి రకరకాల చట్నీలూ తెచ్చి పెడతారు. ఐదు రోజులు బర్గర్లు తిన్న నోటికి ప్రాణం లేచి వస్తుంది. టేబుల్ కోసం 60 రోజుల ముందు నుంచే బుక్ చేసుకోవచ్చు.

పార్కుల్లో ఏది వదలాలి అంటావా? వాటర్ పార్కులు తీసెయ్. యూనివర్సల్ వేరే కంపెనీది, టికెట్టూ వేరు. 2025 మేలో అక్కడ ఎపిక్ యూనివర్స్ అని కొత్త పార్కు తెరిచారు కాబట్టి అల్లుడి మనసు లాగుతూ ఉండొచ్చు. అంతగా కావాలంటే డిస్నీలో ఒకటి తగ్గించి అక్కడ ఒక రోజు గడపండి, రెండూ పూర్తిగా అంటే కుదరదు. నన్నడిగితే మ్యాజిక్ కింగ్‌డమ్‌కి ఒక రోజు, యానిమల్ కింగ్‌డమ్‌కి ఒక పొద్దున, ఎప్‌కాట్‌కి రెండు సాయంత్రాలు. ఎప్‌కాట్‌లో ఒక చెరువు చుట్టూ పదకొండు దేశాల ఇళ్లూ వీధులూ కట్టారు. సాయంత్రం కబుర్లు చెప్పుకుంటూ ఒక చుట్టు తిరిగితే రెండు కిలోమీటర్లు. జపాన్ ఉంది, మొరాకో ఉంది, నార్వే ఉంది. మన దేశం లేదు. నాకైతే కాస్త కోపం వచ్చింది.

ఆ కోపం యానిమల్ కింగ్‌డమ్‌లో తీరింది. అక్కడ ఆసియా భాగంలో ఒక ఊహా రాజ్యం కట్టి "ఆనందపూర్" అని పేరు పెట్టారు. మా ఆయనది అనంతపురం జిల్లా. ఇంగ్లిష్‌లో ఆ బోర్డు చూడగానే "ఒసేయ్, అనంతపూర్!" అని అరిచారు. నేను అక్షరాలు కూడబలుక్కుని చదివి వినిపించినా ఒప్పుకోలేదు. బోర్డు పక్కన నిలబడి ఫోటో తీయించుకుని ధర్మవరంలో తమ్ముడికి పంపించారు. ఎవరెస్ట్ కొండ రైడు కూడా అక్కడే. 2006లో తెరిచారు. వెనక్కి కూడా వెళ్తుంది, అల్పాహారం కాకముందే ఎక్కడం మంచిది.

ఇంకో మాట, ఇది మగవాళ్ల షీట్‌లో ఉండదు. నీ మెడలో కొత్త సూత్రాలు, నల్లపూసలు ఉంటాయి కదా. రైడ్ ఎక్కేముందు లోపలికి వేసుకుని పిన్నీసు పెట్టుకో. పదహారు రోజుల పండగ కాకుండానే బయల్దేరితే మెడలో ఇంకా పసుపుతాడే ఉంటుంది. నీళ్ల రైడ్‌లో తడిస్తే తెల్ల టాప్ మొత్తం పసుపే. ఇది నేను విన్నది కాదు, మా అక్క కూతురి టాప్‌ని నేనే ఉతికాను.

తేదీల సంగతి. మాఘం అంటే ఫిబ్రవరి వస్తుంది. వ్రతం, చుట్టాల ఇళ్లలో భోజనాలు అన్నీ అయ్యి బయల్దేరేసరికి వాళ్లకి ప్రెసిడెంట్స్ డే సెలవులు, ఆ వెంటనే మార్చి, ఏప్రిల్‌లో స్కూళ్ల సెలవులు. ఒకటే జనం. ఈస్టర్ దాటాక ఏప్రిల్ చివరా, మే మొదట్లో వెళ్లండి. జూన్ దాటితే మన ఏప్రిల్ ఎండే అక్కడ, పైగా మధ్యాహ్నాలు ఉరుముల వాన. ఎలాగూ ఆషాఢంలో నిన్ను పుట్టింటికి తీసుకొచ్చేస్తారు కాబట్టి ఆలోపే కానిచ్చేస్తే మంచిది. క్రిస్మస్ వారం జోలికి అసలు పోవద్దు. 2025 క్రిస్మస్‌కి మ్యాజిక్ కింగ్‌డమ్ ఒక్క రోజు టికెట్ 199 డాలర్లు. తేదీని బట్టి ధర మారుతుంది, ఎక్కువ రోజులకి కలిపి కొంటే రోజుకి పడేది తగ్గుతుంది.

ఏప్రిల్ దాకా ఆగితే వీసాకీ టైమ్ దొరుకుతుంది. అపాయింట్‌మెంట్ తేదీలు చూడటం మాత్రం ఈ వారమే మొదలుపెట్టండి. ఇద్దరికీ వేరువేరుగా ఫీజు కట్టాలి. 2023లో దాన్ని 185 డాలర్లకి పెంచారు. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ. పెళ్లయింది కదా అని ఇంటిపేరు మార్పించడానికి పరిగెత్తకు. పాస్‌పోర్టులో ఏ పేరుంటే వీసామీదా, టికెట్‌మీదా అదే. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే వీసామీద ఎఫ్.ఎన్.యు., అంటే మొదటి పేరు తెలియదు అని కొడతారు. కంగారుపడి ఏడ్చినవాళ్లని చూశాను, ఏమీ కాదు. వీసా చేతికొచ్చేదాకా డబ్బు వెనక్కిరాని టికెట్ ఏదీ కొనవద్దు. ఒర్లాండోకి మనకి నేరుగా విమానం లేదు. దుబాయ్‌లో మారితే ఒక్క మార్పుతో పోతుంది, అయినా ఎలా లేదన్నా పగలూ రాత్రీ ప్రయాణమే. ఎనిమిది లక్షల్లో సగం విమానాలకీ వీసాలకీ పోయిందనుకుని మిగతా లెక్క వేసుకోండి. ప్యాకేజీగా కొంటే టీసీఎస్ అనే పన్ను కింద ముందే కొంత పట్టుకుంటారు. ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్ వేసేటప్పుడు అది లెక్కలోకి వస్తుంది, కాగితం దాచుకోమను.

పచ్చళ్ల సంగతి అడగలేదు కానీ మీ అమ్మ కట్టిస్తుందని నాకు తెలుసు. పొడులు చాలు. కోడి పచ్చడి, మటన్ పచ్చడి అసలు వద్దు, మాంసం లోపలికి రానివ్వరు. ఏం తెచ్చారని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఇంకా, హోటల్ కౌంటర్లో కొత్తగా పెళ్లయిందని చెబితే ఉచితంగా బ్యాడ్జీ ఇస్తారు. పెట్టుకున్న రోజంతా దారిన పోయేవాళ్లు కూడా శుభాకాంక్షలు చెబుతారు. అల్లుడు సిగ్గుపడితే ఆయనదీ నువ్వే పెట్టెయ్.

ప్రశ్న: పిన్నీ, మెహిదీపట్నం నుంచి రాస్తున్నాను. వచ్చే నెల నా పెళ్లి. నాకూ థీమ్ పార్క్ హనీమూన్ అంటే ఇష్టమే కానీ సెలవు ఆరు రోజులు, బడ్జెట్ రెండున్నర లక్షలు. అమెరికా అవ్వదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: సింగపూర్ వెళ్లు నాయనా. హైదరాబాద్ నుంచి నేరుగా విమానం, రాత్రి ఎక్కితే తెల్లారేసరికి దిగుతావు. సెంటోసా దీవిలో యూనివర్సల్ స్టూడియోస్ 2010లో పెట్టారు. ఒక్క రోజులో అయిపోతుంది, కాళ్లు కూడా బతికి ఉంటాయి. మిక్కీయే కావాలంటే హాంకాంగ్. మన పాస్‌పోర్టుకి వీసా బదులు ముందుగా ఆన్‌లైన్‌లో ఉచితంగా రిజిస్టర్ చేసుకుంటే 14 రోజుల దాకా ఉండొచ్చు. అక్కడి డిస్నీ చిన్నదే, కానీ అక్కడికి వెళ్లే రైలుకి కిటికీలు కూడా మిక్కీ తలకాయ ఆకారంలో ఉంటాయి. పెళ్లాం ఏది అంటే అది. నువ్వు నాకు రాశావే కానీ ఆ అమ్మాయిని అడిగినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు.

ప్రశ్న: అమ్మా, మాది వనస్థలిపురం. మా అబ్బాయీ కోడలూ హనీమూన్‌కి ఒర్లాండో వెళ్తున్నారు. మాకు అమెరికా వీసా పదేళ్లకి ఉంది, ఖాళీగానే ఉన్నాం. వాళ్లకి తోడుగా మేమిద్దరమూ వెళ్తే బాగుంటుందని ఆయన అంటున్నారు. మీరేమంటారు?

జవాబు: వదినగారూ, వద్దు. అన్నయ్యగారికి అంత ముచ్చటగా ఉంటే, మీ వనస్థలిపురం నుంచి విజయవాడ రోడ్డు పట్టుకుంటే రామోజీ ఫిల్మ్ సిటీ. లోపలే తారా హోటల్ ఉంది, సితారా ఉంది. పిల్లలు విమానం ఎక్కిన రోజే మీరూ సూట్‌కేసు సర్దుకుని రెండు రాత్రులు అక్కడ ఉండి రండి. వాళ్లకి ఫోన్ చెయ్యకండి. వాళ్లు చేస్తే ఎత్తండి.