మే నెలలో వెళ్లకు తల్లీ

చిరంజీవి సుధకు, పెద్దమ్మ ఆశీస్సులు.

రాజస్థాన్‌లో బికనేర్, జోధ్‌పూర్, జైసల్మేర్ కోటలు చూడటానికి నువ్వు ఒక్కదానివే బయలుదేరుతున్నావని మీ అమ్మ కంగారుగా ఫోను చేసింది. మన ఇంట్లో ఆడపిల్ల తన సంపాదనతో, తన ఇష్టంతో అంత దూరం వెళ్లడం ఇదే మొదలు. నాకెంత సంతోషంగా ఉందో మీ అమ్మను అడుగు. కానీ ప్రయాణం మే నెలలో అనగానే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

టికెట్లు మార్చుకో. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు ఎప్పుడైనా సరే. జోధ్‌పూర్ నుంచి జైసల్మేర్ వెళ్లే రైలు దారిలోనే ఫలోదీ అనే ఊరు ఉంది. 2016 మే 19న అక్కడ 51 డిగ్రీల ఎండ కాసింది. సెలవులు వేసవిలోనే దొరుకుతాయని నాకు చెప్పకు. మీ పెద్దనాన్న కూడా ఆ మాటే అన్నారు, మేమూ వేసవిలోనే వెళ్లాం.

జోధ్‌పూర్‌లో పొద్దున్నంతా ఊరు తిరిగి, మిట్టమధ్యాహ్నం మెహ్రాన్‌గఢ్ ఎక్కడం మొదలుపెట్టాం. 1459లో రావ్ జోధా పునాది వేసిన కోట అది, ఊరికి నాలుగు వందల అడుగుల ఎత్తున బండ మీద ఉంటుంది. సీసాలో నీళ్లు సగం కూడా లేవు. కొందామంటే, "నాకు దాహమే వేయడం లేదు, సాయంత్రం రైలు అందుకోవాలి, పద" అన్నారు. ఆ పొడిగాలిలో చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. ఒంట్లోంచి ఎంత నీరు పోయిందో మనిషికి తెలియదు. ఉక్కపోతకు అలవాటుపడిన మనకు అసలే తెలియదు. లోహా పోల్ అనే కోట ద్వారం చేరేసరికి ఆయన మాట తడబడింది. నన్ను వాళ్లమ్మ పేరు పెట్టి పిలిచారు. చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది, చెమట చుక్క లేదు. ఆ ద్వారం పక్కన గోడ మీద సహగమనం చేసిన రాణుల చేతి ముద్రలు ఉంటాయి. వాటి ఎదుట ఆయన తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్న నాకు, ఆ గోడ వైపు చూడాలంటే భయం వేసింది. ఎవరో తెలియని కుటుంబం తమ దగ్గరున్న నీళ్లన్నీ ఆయన తల మీద, మెడ మీద పోసి, నీడకు మోసుకెళ్లి, ఆసుపత్రికి చేర్చింది. ఆయన బతికారు. వాళ్ల పేర్లు కూడా అడగలేదని చివరిదాకా బాధపడేవారు.

అందుకే చెబుతున్నాను, చలికాలంలో వెళ్లినా దాహం కోసం ఎదురుచూడకుండా నీళ్లు తాగుతూ ఉండు. కోటలు ఉదయమే ఎక్కు. రోజుకు ఒక్కటి చాలు. ఇసుక తిన్నెల దగ్గర చీకటి పడ్డాక గుంపు వదిలి వెళ్లవద్దు. రాత్రుళ్లు ఎముకలు కొరికే చలి, శాలువా పెట్టుకో. గుర్తింపు కార్డు, కొంత నగదు విడిగా దాచుకో.

జైసల్మేర్ కోట లోపలే గది తీసుకున్నావట, అది నాకు నచ్చలేదు. 1156లో రావల్ జైసల్ మొదలుపెట్టిన ఆ కోటలో ఇప్పటికీ జనం కాపురం ఉంటున్నారు. నీళ్లు మోసుకొచ్చి పొదుపుగా వాడుకునే రోజుల్లో అది గట్టిగా నిలబడింది. కుళాయిలు, హోటళ్లు వచ్చాక మురుగు ఇంకి, పునాది కింది మట్టి నానిపోయి, కొన్ని బురుజులు కూలాయి. ఎడారిలో నిలిచిన కోటకు నీళ్లే ముప్పు తెచ్చాయి. నువ్వు కింద ఊళ్లో దిగు. పైకి వెళ్లి తీరిగ్గా తిరుగు, అక్కడివాళ్ల దగ్గరే ఏదైనా కొను.

కోప్పడ్డానని అలగకు తల్లీ. తేదీలు మార్చుకుని చెప్పు, మీ అమ్మకు నేను నచ్చజెబుతాను. బికనేర్‌లో జునాగఢ్ కోట మాత్రం తొందరపడకుండా చూడు. అందులోని అనూప్ మహల్ గోడల మీది బంగారు పూత చూడాలని మీ పెద్దనాన్నకు ఎంతో ఆశ. ఆ ఎండదెబ్బతో అటు వెళ్లకుండానే తిరిగి వచ్చేశాం. ఎలా ఉందో నాకు ఉత్తరం రాయి, ఫోనులో రెండు ముక్కలు చెప్పి ఊరుకోకు.

మీ పెద్దమ్మ