ఉడుత పిల్ల దొరికితే ముందు తల్లికి అవకాశం ఇవ్వండి

"బాల్కనీలో కళ్ళు తెరవని ఉడుత పిల్ల పడి ఉంది, ఏ పాలు పట్టాలి?" అని అడిగారు. పాల సంగతి తర్వాత. అట్టపెట్టెలో పాత నూలుగుడ్డ వేసి, వేడినీళ్ళ సీసాకి గుడ్డ చుట్టి పక్కన పెట్టి, పిల్లను అందులో పడుకోబెట్టండి. పెట్టెను పడిన చోటికి దగ్గర్లోనే, పిల్లికీ కాకికీ అందకుండా ఉంచి మీరు లోపలికి వెళ్ళిపోండి. మనిషి చెయ్యి తగిలితే తల్లి ముట్టదన్న మాట నమ్మకండి. నేను కళ్ళారా చూశాను.

మాది కోనసీమ. ఒక వేసవిలో కొబ్బరిచెట్టుకి దింపు తీస్తుంటే, అంటే కాయలు కోయిస్తుంటే, ఎండుమట్టతో పాటు చెట్టు తలలో మొవ్వు దగ్గరున్న గూడు కూడా కింద పడింది. కొబ్బరి పీచు, దూది, ఎవరి చీరవో పోగులు అన్నీ కలిపి అల్లింది. లోపల మూడు పిల్లలు. బొచ్చు రాలేదు గానీ వీపు మీద చారలు అప్పటికే లీలగా కనిపిస్తున్నాయి. తల్లి పెంకుల మీద తోక ఎగరేస్తూ ఒకటే అరుపు. గూడును బుట్టలో పెట్టి అదే చెట్టు మొదటికి కట్టి అందరం దూరంగా జరిగాం. కాసేపటికి దిగింది. ఒక పిల్లను పొట్ట దగ్గర నోట కరుచుకోగానే అది తల్లి మెడకి కాళ్ళూ తోకా చుట్టేసి ఉండలా ముడుచుకుపోయింది. అలాగే గోడ మీదుగా పక్కచెట్టుకి ఎక్కించింది. రెండోదాన్నీ తీసుకెళ్ళింది. మూడోదాని కోసం చీకటి పడేదాకా రాలేదు. ఉడుతలు రాత్రిళ్ళు తిరగవు కాబట్టి దాన్ని లోపలికి తెచ్చాం.

అత్తయ్యగారు గేదెపాలు వెచ్చబెట్టి తెచ్చారు. "పసిగుడ్డు ఆకలితో ఉంటే చూస్తూ ఊరుకుంటావా?" అని ఆవిడ బాధ. అయినా పట్టనివ్వలేదు. ఒళ్ళు చల్లబడ్డ పిల్లకి ఏ పాలూ అరగవు. పైగా గేదెపాలకీ ఆవుపాలకీ విరేచనాలు పట్టుకుంటాయి. ఒళ్ళు వెచ్చబడ్డాక ఓఆర్‌ఎస్ చుక్కలు, ఆ తర్వాత పశువుల మందుల షాపులో దొరికే కుక్కపిల్లల పాలపొడి. సూది తీసేసిన 1 ఎంఎల్ సిరంజితో, పిల్లను బోర్లా పట్టుకుని, చుక్క తర్వాత చుక్క. వెల్లకిలా పడుకోబెట్టి పట్టే వీడియోలు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పాలు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వచ్చి పిల్ల చచ్చిపోతుంది. పట్టిన ప్రతిసారీ తడిదూదితో పొట్ట కింద తుడవాలి. తల్లి నాకితే గానీ అవి ఒంటికీ రెంటికీ పోవు.

కళ్ళు తెరవడానికి దాదాపు 3 వారాలు పడుతుంది. అసలు తప్పులు అక్కడి నుంచే మొదలవుతాయి. ముద్దొస్తోందని భుజం మీద తిప్పుతారు, చొక్కాలు తొడిగి రీల్స్ చేస్తారు, బిస్కెట్లు పెడతారు. ఒట్టి పల్లీలు, పొద్దుతిరుగుడు గింజలతో పెంచితే కాల్షియం చాలక వెనక కాళ్ళు పడిపోతాయి. మేము జామకాయ, దోసకాయ, మునగాకు పెట్టాం, రోజూ ఎండ తగలనిచ్చాం. పాలు మానాక నేను తప్ప ఎవరూ ముట్టుకోకూడదని గట్టిగా చెప్పాను. మా ఇంట్లో పిల్లలు అలిగినా సరే. మనుషుల్ని నమ్మిన ఉడుత బయట బతకదు.

వదిలేటప్పుడు కూడా ఒక్కసారిగా తోలేయకూడదు. పెరట్లో జామచెట్టుకి పంజరం కట్టి కొన్నాళ్ళు అక్కడే ఉంచి, ఒక ఉదయం తలుపు తీశాం. పగలంతా చెట్ల మీద తిరిగి రాత్రి పడుకోవడానికి వచ్చేది. తర్వాత తర్వాత రావడం మానేసింది. గింజలు పెట్టడం మాత్రం వెంటనే ఆపలేదు.

ఇంకోమాట. వానలకి ముందు కరెంటు తీగలకి అడ్డమని కొమ్మలు కొట్టేసేవాళ్ళు గూడుందో లేదో ఒక్కసారి చూడరు. మా దింపు అతనికి చెబితే ఇప్పుడు మట్ట కొట్టేముందు మొవ్వులోకి తొంగి చూస్తున్నాడు. మిగతావాళ్ళకి ఏం కష్టం?

మీరు పెట్టె పెట్టాక సాయంత్రానికి తల్లి వచ్చిందో లేదో ఇక్కడే రాయండి. రాకపోతే పిల్లకి బొచ్చు ఎంత వచ్చిందో కూడా రాయండి, పాలు ఎంత, ఎన్ని గంటలకోసారి పట్టాలో చెబుతాను.