బీచ్ పెళ్లికి సూటు: కొనాలా, అద్దెకా, ఈఎంఐనా?

ప్రశ్న: దగ్గర ఫ్రెండ్ పెళ్లి, సముద్రం పక్కన రిసార్ట్‌లో, మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా. కార్డు మీద ఫార్మల్ డ్రెస్ అని రాశారు. నా దగ్గర ఆఫీసుకి వేసే నల్ల ఉన్ని సూటు ఒక్కటే ఉంది. ఫ్లైటు, రూము బుక్ చేసేసరికే సేవింగ్స్ సగం అయిపోయాయి. ఇంకా మూడు నెలల టైముంది. లినెన్ సూటు ఈఎంఐలో తీసుకోనా, అద్దెకి తెచ్చుకోనా?

జవాబు: ముందు ఈఎంఐ మాట తేల్చేద్దాం, వద్దండీ. ఏడాది వాయిదాలు పెట్టుకుంటే ఆ జంటకి మొదటి పెళ్లిరోజు దగ్గరపడేసరికి గానీ మీ బాకీ తీరదు. పోనీ క్రెడిట్ కార్డు మీద గీకేసి తర్వాత చూసుకుందాం అనుకుంటే, నెలకి 3 శాతం వడ్డీ వినడానికి చిన్నగానే ఉంటుంది కానీ వడ్డీ మీద వడ్డీ పడి ఏడాదికి 42 శాతం దాటిపోతుంది.

ఇక అద్దె. కొనే ధరలో నాలుగో వంతు అద్దె అడిగితే నాలుగుసార్లు వేసుకునే బట్టకి కొన్నా అద్దెకి తెచ్చినా ఒకటే, ఐదోసారి నుంచి కొన్నదే లాభం. కానీ ఊరు దాటి వెళ్లే పెళ్లికి ఈ లెక్క తప్పుతుంది, ఎందుకంటే మీరు వేసుకునేది ఒక్కరోజే అయినా ప్రయాణం రోజులకి కూడా మీటర్ తిరుగుతుంది. నేనూ ఒకసారి ఇలాగే అద్దెకి తీసుకెళ్లా, తిరుగు ఫ్లైటు లేటై ఒకరోజు ఎక్స్‌ట్రా పడింది, కాలరుకి సన్‌స్క్రీన్ అంటిందని డిపాజిట్‌లో కూడా కోశారు, మొత్తం కలిపి చూస్తే ఒక మంచి ప్యాంటు వచ్చేది. కార్డు మీద ఫార్మల్ బదులు బ్లాక్ టై (డిన్నర్ జాకెట్, బో టై వేసుకునే ఇంకా పెద్ద ఫార్మల్ డ్రెస్) అని ఉండుంటే మాత్రం అద్దెకే వెళ్లమనేవాణ్ణి, ఎండ ఊళ్లలో వేసే ఐవరీ రంగు డిన్నర్ జాకెట్ మళ్లీ ఎక్కడ వేస్తాం చెప్పండి.

మీకు నేను చెప్పేది, సూటు అనే మాట మర్చిపోయి కోటు, ప్యాంటు విడివిడిగా ఆలోచించండి. నీలం రంగు పల్చటి కోటు ఒకటి, లేత బూడిద రంగు ప్యాంటు ఒకటి. రెండూ తర్వాత ఆఫీసుకి వేసుకోవచ్చు, కోటు జీన్స్ మీదకి కూడా నడుస్తుంది. ఇరవైసార్లు వేస్తే ఒక్కోసారికి పడేది ధరలో 5 శాతమే. అదే లేత గోధుమ రంగు లినెన్ సూటు ఫొటోల్లో అదిరిపోతుంది గానీ పెళ్లి అయ్యాక బీరువాలో వేలాడుతూ ఉంటుంది. పైగా అచ్చం లినెన్ అయితే కారులో అరగంట కూర్చుంటే చాలు, నలిగిపోయి రాత్రంతా దాంట్లోనే పడుకుని లేచినట్టు కనిపిస్తారు. ఉన్ని కలిపిన లినెన్ కొంచెం నయం.

అసలు ఉన్ని అనగానే స్వెటర్ గుర్తొచ్చి భయపడతారు గానీ, ట్రాపికల్ ఊల్ అని వదులుగా నేసిన పల్చటి బట్ట ఉంటుంది, గాలి బాగా ఆడుతుంది, రాత్రి హ్యాంగర్‌కి తగిలిస్తే పొద్దున్నకి ముడతలు చాలావరకు పోతాయి. చెమట పట్టించేది చాలాసార్లు లోపలి పాలిస్టర్ లైనింగే. అందుకే షాపులో బ్రాండ్ లేబుల్ కంటే ముందు కోటు లోపల తిప్పి చూడండి, భుజాలకి చేతులకి మాత్రమే లైనింగ్ ఉండి వీపు ఖాళీగా ఉంటే అదే తీసుకోండి. భుజం మాత్రం కరెక్ట్‌గా కూర్చోవాలి, చేతుల పొడుగు, నడుము టైలర్ సులువుగా సరిచేస్తాడు, భుజం విప్పి మళ్లీ కుట్టడం పెద్ద పని, ఖర్చు కూడా. ఆల్టరేషన్ డబ్బులు బడ్జెట్‌లో ముందే పెట్టుకోండి, చాలామంది మర్చిపోయేది ఇదే.

డబ్బు సంగతికొస్తే, గిఫ్టు, అక్కడ తిరగడానికి టాక్సీలు, బ్యాగేజీ ఛార్జీ ముందు పక్కన తీసేసి మిగిలిన దాంట్లోంచే బట్టలు. ఆ మొత్తాన్ని మూడుతో భాగించి జీతం పడిన రోజే ఆ వాటా వేరే అకౌంట్‌లోకి పంపేయండి, మూడో నెలలో షాపుకి వెళ్లండి. ఆల్టరేషన్‌కి కనీసం పది రోజులైనా ఉంచుకోవాలి సుమా. మీ నల్ల సూటు ప్యాంటుని మాత్రం కొత్త కోటు కిందకి లాగకండి, ఒక్కటే ఎక్కువ వాడి ఎక్కువ ఉతికితే రంగు తేడా వచ్చేసి ఉన్న సూటు కూడా పాడవుతుంది.

ఇవన్నీ కొనేముందు ఫ్రెండ్‌కి ఒక మెసేజ్ పెట్టండి, పెళ్లి ఇసుకలోనా, పచ్చిక మీదా, లోపల హాల్లోనా అని. ఇసుక అయితే కొత్త లెదర్ షూస్ దండగ, ఉన్న లోఫర్లు చాలు. ఏసీ హాలు అన్నారనుకోండి, మీ నల్ల సూటుని డ్రైక్లీనింగ్‌కి వేయండి, ఇంత చదివించానని నన్ను తిట్టుకోకండి.