జపమాల పట్టుకుంటే నిద్రొచ్చేస్తోంది ఫాదర్

ప్రశ్న: ఫాదర్ గారూ, మాది గుంటూరు దగ్గర పల్లె. రెండేళ్ల కిందట మా అత్తమ్మ పక్షవాతంతో మంచాన పడింది. మా ఆయన హైదరాబాద్‌లో డ్రైవర్, నెలకోసారి వస్తారు. ఆడపడుచు క్రిస్మస్‌కి వచ్చి వాళ్లమ్మకు చీర పెట్టి వెళ్తుంది. వీపున పుండ్లు పడకుండా రాత్రి కూడా రెండు గంటలకోసారి లేచి అత్తమ్మను పక్కకు తిప్పుతాను. ఆదివారం గుడికి వెళ్లి ఏడాది దాటింది. జపమాల పట్టుకుంటే ఐదింటిలో రెండో దేవ రహస్యం (ధ్యానభాగం) దగ్గరకే నిద్రొచ్చేస్తుంది. విజయవాడ గుణదల మరియమాతకు మొక్కుకున్నా అత్తమ్మ లేవలేదు. మొన్న పక్క తడిపిందని కేకలేసి, తర్వాత ఏడ్చాను. ప్రార్థన కూటంలో ఒకావిడ, "నీకు విశ్వాసం చాలకే ఆమెకు స్వస్థత రావట్లేదు" అంది. నిజంగా నా విశ్వాసం పోయిందా?

జవాబు: అమ్మా, ముందు ఆ చివరి మాట సంగతి చూద్దాం. అది తప్పు. పుట్టుగుడ్డివాణ్ని చూపించి "ఎవరి పాపం వల్ల ఇలా పుట్టాడు?" అని శిష్యులు అడిగితే, వాడి పాపమూ కాదు, వాడి తల్లిదండ్రుల పాపమూ కాదు అన్నారు ప్రభువు. అపొస్తలుడైన పౌలు తన దేహంలోని ముల్లు లాంటి బాధను తీసేయమని మూడుసార్లు వేడుకున్నా అది పోలేదు. ఆయనకు విశ్వాసం చాలలేదని ఎవరం అనగలం? మెదడులో రక్తనాళం మూసుకుపోతేనో చిట్లితేనో పక్షవాతం వస్తుంది. దాన్ని కోడలి భక్తితో ముడిపెట్టడం అన్యాయం. మీ మొక్కు కూడా వృథా అనుకోకండి. గుణదల పండుగ జరిగే ఫిబ్రవరి 11నే 1993 నుంచి శ్రీసభ, అంటే మన కతోలిక సంఘం, వ్యాధిగ్రస్తుల దినంగా పాటిస్తోంది. ఆ రోజు మంచం మీదున్న వాళ్లతో పాటు మంచం పక్కనున్న వాళ్ల కోసమూ ప్రార్థిస్తాం. అంటే మీ కోసం కూడా.

ఇక నిద్ర సంగతి. రెండేళ్లుగా వరసగా మూడు గంటలు కూడా పడుకోని మనిషికి కళ్లు మూసుకుపోక ఏమవుతాయి? ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద పడి "ఇక చాలు ప్రభూ, నా ప్రాణం తీసుకో" అన్నప్పుడు దేవుడు ఆయన్ను మందలించలేదు. నిద్రపోనిచ్చాడు. దూత చేత రొట్టె, నీళ్లు పంపించాడు. ఆయన తిని మళ్లీ పడుకుంటే రెండోసారి లేపి మళ్లీ తినిపించాడు. దేవుడు ఆయనతో మాట్లాడింది ఆ తర్వాతే. నాకు ఎంతో ఇష్టమైన ఘట్టం ఇది.

చిన్న పుష్పం అని పిలుచుకునే ఫ్రాన్స్ దేశపు పునీత తెరేజమ్మ మఠంలో ఉండి కూడా ప్రార్థనలో ఏళ్ల తరబడి నిద్రపోయేది. తల్లిదండ్రులకు పిల్లలు మేలుకుని ఉన్నా నిద్రపోతున్నా ఒకటే కదా అని ధైర్యం చెప్పుకుంది. వాళ్ల నాన్నగారు మతి చెదిరి 1889 నుంచి మూడేళ్లు ఆసుపత్రిలో ఉన్నారు. ఇంటికి తెచ్చాక అక్క సెలీనమ్మ ఆయన్ను కనిపెట్టుకుని ఉంది. మఠంలో చేరాలని ఎంతో ఆశ ఉన్నా, 1894లో ఆయన కన్నుమూసే దాకా చేరలేదు. ఆ ఏళ్లలో ఆమె దేవుడికి దూరంగా ఉందని నేను అనుకోను. మీరూ దూరంగా లేరు.

కేకలేసినందుకు అత్తమ్మ చెయ్యి పట్టుకుని "తప్పయింది అత్తమ్మా" అనండి. మాట రాని మనిషికైనా చెయ్యి పట్టుకుంటే తెలుస్తుంది. గురువునైన కొత్తలో, మంచాన పడ్డ భర్తకు సేవ చేస్తున్న ఒకావిడకు "ఇంకా ఎక్కువ ప్రార్థించమ్మా" అని చెప్పి వచ్చేశాను. సబ్బునీళ్లకు పగిలిపోయిన ఆమె చేతులు చూసి కూడా అలా అన్నానే అని ఇప్పటికీ బాధపడుతుంటాను.

ఆదివారం పూజ గురించి టెన్షన్ వద్దు. ఆదివారం తప్పక పూజకు రావాలన్న నియమం మీలాంటి గట్టి కారణం ఉన్నవాళ్లకు వర్తించదు. మీ విచారణ గురువుకు, అంటే మీ గుడి ఫాదర్ గారికి, కబురు పంపితే పూజలో ఇచ్చే దివ్యసత్ప్రసాదం ఇంటికే తెచ్చి ఇస్తారు. అత్తమ్మకు వ్యాధిగ్రస్తుల అభ్యంగనం, అంటే గురువు పవిత్ర తైలం పూసి ప్రార్థించే సంస్కారం, కూడా ఇప్పించండి. అది కొన ఊపిరి మీదున్న వాళ్లకే అని మన ఊళ్లలో భయపడతారు, కానీ తీవ్రమైన జబ్బుతో ఉన్న ఎవరికైనా ఇస్తారు.

మీ ఆయనతో ఈసారి ఖచ్చితంగా మాట్లాడండి. నెలలో ఒక వారం ఆడపడుచు వచ్చి ఉండాలి. రాలేకపోతే రాత్రిపూట మనిషిని పెట్టుకోవడానికి అన్నాచెల్లెళ్లు ఇద్దరూ డబ్బు వేసుకోవాలి. అడగడానికి మొహమాటపడకండి, ఆమె వాళ్లిద్దరికీ తల్లి. చీర పెడితే సరిపోదు. వాళ్లు వినకపోతే మీ ఫాదర్ గారిని మాట్లాడమనండి. నేనైతే తప్పకుండా మాట్లాడతాను. ఆకలి చచ్చిపోయి, బతకాలనే లేదనిపించే రోజులుంటే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించుకోండి. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు ఉండదు. అలా ఫోన్ చేయడం విశ్వాసం లేకపోవడమేమీ కాదు.

ఈ రాత్రికి జపమాల మొత్తం కాకుండా, అందులోని ఒక్క మంగళవార్త జపం చెప్పుకుని పడుకోండి. మధ్యలో నిద్రొస్తే నిద్రపోండి. ఉత్తరంలో మీ అత్తమ్మ పేరు రాయలేదు. మళ్లీ రాసేటప్పుడు రాయండమ్మా, పూజలో మీ ఇద్దరి పేర్లూ చెప్పి ప్రార్థిస్తాను.