ముప్పాతిక వాటా వాళ్లదైతే నా సంతకం లేకుండా బిల్డింగ్ అమ్మేయొచ్చా?

ప్రశ్న: సికింద్రాబాద్‌లో మా తాతగారు 1920ల్లో కట్టించిన ఆఫీసు బిల్డింగ్ ఉంది, అన్నీ అద్దెకే. నాది పావు వాటా, మిగతాది ముగ్గురు పెదనాన్నల పిల్లలది. నేను అమ్మనంటే, న్యూయార్క్‌లో ఫ్లాటిరాన్ బిల్డింగ్‌ని కోర్టు ద్వారా వేలం వేయించారు కదా, మేమూ అదే చేస్తాం అంటున్నారు. నిజంగా కుదురుతుందా సార్?

జవాబు: కుదురుతుందండీ, కానీ వాళ్లు అనుకున్నంత తేలిగ్గా కాదు. ముందు ఆ ఫ్లాటిరాన్ సంగతి చెప్తా. 1902లో మాన్‌హాటన్‌లో కట్టిన త్రికోణం బిల్డింగ్ అది, 1966 నుంచి సిటీ ల్యాండ్‌మార్క్, అంటే మన హెరిటేజ్ కట్టడం లాంటిది. అక్కడా మీ లెక్కే, ముప్పాతిక ఒక వర్గానిది, పావు ఇంకొకాయనది, రిపేర్ల మీద పొసగక పెద్ద వాటా వాళ్లే కోర్టుకెళ్లారు. 2023 మార్చి వేలంలో 19 కోట్ల డాలర్లకు పాడినాయన డిపాజిట్టే కట్టలేదు, మళ్లీ మేలో వేలం వేస్తే 16.1 కోట్లకు ఆ పెద్ద వాటా వర్గమే కొనుక్కుంది. అంటే హెరిటేజ్ ముద్ర ఉన్నా అమ్మకం ఆగలేదు చూడండి. మన దగ్గరా అంతే, హెరిటేజ్ రూల్స్ కూల్చడానికి, మార్చడానికి అడ్డం గానీ వాటాలు పంచుకోడానికి కాదు.

ఇక మన చట్టం, 1893 నాటి పార్టిషన్ యాక్ట్, అంటే ఉమ్మడి ఆస్తి పంపకాల చట్టం. ఆస్తిని ముక్కలు చేసి పంచడం సబబుగా లేదని కోర్టుకి అనిపించి, సగం లేదా అంతకన్నా ఎక్కువ వాటా ఉన్నవాళ్లు అడిగితే సెక్షన్ 2 కింద అమ్మకానికి ఆర్డర్ ఇవ్వొచ్చు. మీ అన్నదమ్ములందరూ కలిసే ఉన్నారు కాబట్టి అడగ్గలరు, మీరొక్కరే అయితే అడగలేరు.

అయితే మీ బలం సెక్షన్ 3లో ఉంది, దీన్ని మాత్రం దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. వాళ్లు అమ్మకం అడిగిన మరుక్షణం, వాళ్ల వాటాలు వాల్యుయేషన్ రేటుకి నేనే కొంటానని మీరు కోర్టుని అడగొచ్చు, అడిగితే కోర్టు విలువ కట్టించి ముందు మీకే ఆఫర్ చెయ్యాలి. అప్పుడు వాళ్లు కంగారుపడి కేసు విత్‌డ్రా చేసుకుంటామన్నా మీ హక్కు పోదని సుప్రీంకోర్టు 1972లోనే చెప్పింది. డబ్బు సర్దగలరా లేదా అన్నదే అసలు ప్రశ్న, అందుకే బ్యాంకుతో ఇప్పుడే మాట్లాడుకోండి, సమన్లు వచ్చాక పరిగెత్తితే టైం చాలదు. కొనలేకపోయినా వేలం రిజర్వు ధర (అంతకన్నా తక్కువకి అమ్మకూడదనే ధర) పెట్టే జరగాలి, మీరూ పాడొచ్చు, మీ పావు వాటా సొమ్ము అందులో సర్దుబాటు చెయ్యమని అడగొచ్చు (సెక్షన్ 6).

ఈలోగా మీకొచ్చిన అద్దె వాటా బ్యాంకు స్టేట్‌మెంట్లు, మున్సిపల్ ట్యాక్స్ రసీదులు, తాతగారి పాత దస్తావేజు నకలు తీసి పెట్టుకోండి. అద్దె మీకు అందుతోందని రుజువుంటే ఉమ్మడి స్వాధీనం కిందే లెక్క, రేపు మీరే పార్టిషన్ సూట్ వెయ్యాల్సొచ్చినా కోర్టు ఫీజు బాగా తగ్గుతుంది. వాళ్లు ఏ కాగితం మీద సంతకం అడిగినా, అద్దె రసీదే అయినా సరే, లాయర్‌కి చూపించకుండా పెట్టొద్దు.